గదిలో ఇంకెవరైనా ఉన్నారా?

ఎరువుల కొట్టు నడిపేవాళ్ళంతా శిక్షణ తీసుకుని పరీక్ష రాయాలని పైనుంచి కబురొచ్చింది. కొట్టు మా ఆయన పేరున ఉన్నా గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను కాబట్టి చదువు కూడా నా నెత్తినే పడింది. పరీక్ష ఫోన్లోనే. పోయిన వారం ఒక మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో, యూరియా బస్తాల మధ్య కుర్చీ వేసుకుని, తల దువ్వుకుని, ఫోన్ని గోడకు ఆనించి కూర్చున్నాను. మొదటి ప్రశ్న పురుగుమందుల మీద వస్తుందనుకున్నాను. కాదు. తెర మీద పెద్ద అక్షరాలతో "గదిలో మీతో పాటు ఇంకెవరైనా ఉన్నారా?" అని వచ్చింది. దాని కింద రెండు గళ్ళు. ఒకటి ఉన్నారు, రెండోది లేరు.

నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. కడుపు పట్టుకుని బస్తా మీదికి ఒరిగిపోయాను. కొట్లో మిరప విత్తనాల కోసం వినగడప నుంచి వచ్చి కూర్చున్న రైతు ఒకాయన కంగారుపడి, "ఏమైందమ్మా?" అంటూ తలుపు సందులోంచి తల పెట్టాడు. తెర మీద రెండో మొహం కనపడగానే పరీక్ష ఆగిపోయింది. ఇంకో రోజు మళ్ళీ రాయాలట. రాస్తాలెండి, తప్పేదేముంది. ఆ నవ్వు మాత్రం నాది కాదు, మా పిన్నిది. ఆ ప్రశ్న పడ్డప్పుడల్లా ఆవిడ అలాగే నవ్వేది. పిన్ని పోయి ఏడాది కావస్తోంది. ఇన్నాళ్ళకు ఆ నవ్వు ఎరువుల బస్తాల మధ్య నాకు దొరికింది.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. తిరువూరులో ఒకే ప్రహరీ లోపల మావి రెండు వాటాలు. ముందు వాటాలో పిన్ని, బాబాయి. వెనక వాటాలో మేమూ, మా అమ్మా. బాబాయికి బస్టాండు దారిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపుంది. పిన్నికి పెళ్ళైన కొత్తల్లోనే ఎదురుగా లేని మనుషుల గొంతులు వినపడే జబ్బు వచ్చింది. డాక్టర్లు సైకోసిస్ అంటారు. పిన్ని ఆ మాట వాడేది కాదు. "నా గొడవ" అనేది. "నా గొడవకి మాత్రలేసుకునే టైమైంది" అని లేచేది, వేరేవాళ్ళు బీపీ మాత్రకి లేచినట్టు.

నాకు ఊహ తెలిసేసరికే గొడవ చాలావరకు అణిగింది. మొదట్లో గొంతులు బోలెడు ఉండేవట. విజయవాడ డాక్టరు గారి మాత్రలకి ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారట. "అద్దె కట్టనివాళ్ళు కదా, వాళ్ళంతట వాళ్ళు పోరు. ఖాళీ చేయించాల్సిందే" అనేది. చివరికి ఒక్క ముసలాయన మిగిలాడు. ఆయన పని పిన్ని వంటకి వంకలు పెట్టడం. ఉప్పెక్కువైందనో, పోపు మాడిందనో గొణిగేవాడు. పిన్ని తల కొంచెం ఎడమ పక్కకి వంచి, పమిట కొంగు చెవి మీదికి లాక్కుని, చూపుడు వేలు పైకెత్తి, "ఆగండి, చూస్తున్నాగా!" అనేది. ఎంత మర్యాదో! బాబాయి వంక పెడితే మాత్రం గరిటె ఎత్తేది.

"ముసలాయన చెప్పింది ఎప్పుడైనా నిజమవుతుందా పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"పోపు మాడిందంటే మాడే ఉంటదే. ముక్కు నాదేగా" అంది.

ఇన్ని జోకులు వేసుకునే మనిషికి ఒంటికి పడని సంగతి ఒక్కటే. మా చూపు. పిన్ని ఏదైనా వినపడిందని చెప్పగానే ఇంట్లో ఉన్నవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. రెప్పపాటు చూపే. అందులో "ఇది నిజమా, గొడవా?" అని అడగడమూ, "గొడవేలే" అని చెప్పుకోవడమూ రెండూ అయిపోయేవి. అది పిన్నికి కనపడదని మా నమ్మకం. కనపడకేం!

ఒకరోజు అందరం టీవీ ముందు ఉన్నాం. పిన్ని తల వంచి, "గేటు దగ్గర గ్యాసబ్బాయి పిలుస్తున్నాడు" అంది. మేం చూపు చూసుకున్నాం. ఎవరూ కదల్లేదు. పిన్ని లేచి చెప్పుల కోసం వెతుక్కునే లోపల బండి కదిలిన చప్పుడు మా అందరికీ వినపడింది. బాబాయి లుంగీ ఎగ్గట్టుకుని సెంటర్లో బోసుబొమ్మ దాకా పరిగెత్తాడు కానీ బండి దొరకలేదు. మా ఊళ్ళో గ్యాసు బండి ఆగడం అంటే దైవదర్శనం లాంటిది, ఒకసారి తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో. వారమంతా కరెంటు పొయ్యి మీద వంట. దానికి మా అమ్మ ఏమందో తెలుసా? "గట్టిగా చెప్పొచ్చుగదే, మెల్లిగా చెప్తే ఎవరికి తెలుస్తది?" అంది. తప్పు కూడా పిన్నిదే అయింది.

ఆస్పత్రిలో కూడా అంతే. డాక్టరు గారు పిన్నిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బాబాయి వైపు తిరిగి, "ఎలా ఉంటున్నారు? నిద్ర పోతున్నారా?" అని అడిగేవారు. బాబాయి "బానే ఉంటందండి" అనేవాడు. పిన్ని గోడ మీద క్యాలెండరు చదువుకునేది.

అలాంటి రోజుల్లో ఆ డాక్టరు గారే ఈ ఫోను పరిశోధన సంగతి చెప్పారు. పిన్నిలాంటి గొడవ ఉన్నవాళ్ళ చేత రోజూ ఇంటి దగ్గర ఫోన్లో కొన్ని ఆటలు ఆడిస్తారట. మెదడుకి వ్యాయామం అన్నమాట. దానివల్ల జ్ఞాపకం, ధ్యాస, వినికిడి ఏమన్నా చురుకవుతాయా అని చూస్తారట. మందులు మానక్కర్లేదు. ఇష్టమైతేనే చేరొచ్చు. బాబాయి "మనకెందుకండీ ఇయ్యన్నీ" అంటూ లేవబోయాడు. పిన్ని లేవలేదు.

"వాళ్ళు ఎవర్ని అడుగుతారండి? ఈయన్నా, నన్నా?" అని అడిగింది.

"మిమ్మల్నేనమ్మా. ప్రతిసారీ మిమ్మల్నే" అన్నారు డాక్టరు గారు.

"అయితే చేరతాను."

తిరుగు బస్సులో బాబాయి గొణుగుతూనే ఉన్నాడట. అప్పుడు కిటికీలోంచి చూస్తూ పిన్ని అన్న మాట ఒకటి ఆయన తర్వాత మాకు చెప్పాడు. "నా చెవులు ఎంతవరకు పనిచేస్తన్నాయో నాకు తెలియాలండీ. మీ అందరి మొహాలు చూసి తెలుసుకోవడం విసుగొచ్చింది" అందట. అదీ పిన్ని కోరిక. బహుమతి అక్కర్లేదు, జబ్బు మాయమైపోవాలనే ఆశ కూడా లేదు. తన సంగతి తనని అడగాలి, తను చెప్పింది నమ్మాలి. అంతే.

రెండు రోజులకి ఒక అమ్మాయి వీడియో కాల్ చేసింది. మదనపల్లె వైపు అమ్మాయి, ఉద్యోగం బెంగుళూరులో. చిన్నగా, అరిచి చెప్పాల్సినవి కూడా లాలిపాటలా చెప్పే గొంతు. నియమాలన్నీ చదివి వినిపించింది. "దీంట్లో ఉండడం పూర్తిగా మీ ఇష్టమమ్మా. ఎప్పుడైనా మానేయొచ్చు. కారణం కూడా చెప్పనక్కర్లేదు" అంది. పిన్ని ఫోన్ని దగ్గరికి లాక్కుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడతో ఎవరూ అలాంటి మాట అని ఉండరు. "ఇంకోసారి చెప్పమ్మా" అని మళ్ళీ చెప్పించుకుంది.

ఇక ఆ వాక్యాన్ని ఇంట్లో వదిలింది. పొద్దున్నే బాబాయి కంచంలో ఉప్మా పెట్టి, "ఈ ఉప్మా తినడం పూర్తిగా మీ ఇష్టమండి. ఎప్పుడైనా మానేయొచ్చు. కారణం కూడా చెప్పనక్కర్లేదు" అనేది. మా అమ్మ వినాయకచవితికి కుడుములు చేద్దాం రమ్మంటే, సగంలో లేచి చేతులు కడుక్కుని, "మానేశానక్కా, కారణం చెప్పనక్కర్లేదు" అని వెళ్ళిపోయింది. మా అమ్మ కుడుము పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆటలు మొదలైన రోజు మా ఇంట్లో జరిగిన హడావిడి ఇంటర్ పరీక్షలకి కూడా జరగలేదు. మా అమ్మ బొట్టు పెట్టి, పెరుగులో పంచదార కలిపి నోట్లో పెట్టింది. పక్కింటి టీచరు గారు వచ్చారు. ఆవిడ రిటైరైన హెడ్మాస్టరమ్మ, చర్చిలో పాటల గుంపుని నడిపేది ఆవిడే. పిన్ని నెత్తి మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డ మెదడుకి తోడుగా ఉండు" అని ప్రార్థన చేశారు. బాబాయి షాపుకి తాళం వేసి వచ్చాడు. నేను కొట్టు మా ఆయనకి వదిలి వచ్చాను. నలుగురం పిన్ని మంచం చుట్టూ కుర్చీలు వేసుకున్నాం. పిన్ని చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆట తెరిచింది.

"గదిలో మీతో పాటు ఇంకెవరైనా ఉన్నారా?"

పిన్ని మా నలుగురినీ ఒకసారి చూసి, "ఉన్నారు" అని నొక్కింది. "దయచేసి మీరు ఒంటరిగా ఉన్నప్పుడు ప్రయత్నించండి" అని ఆట మూసుకుపోయింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ ఉన్నారని నొక్కింది. మళ్ళీ మూసుకుంది. బాబాయికి ఒళ్ళు మండి, చెయ్యి చాపి తనే "లేరు" అని నొక్కేశాడు.

పిన్ని ఆ రోజు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "ఉన్నవాళ్ళని లేరని నొక్కుతారు. లేనివాళ్ళు ఉన్నారంటే నాకు మాత్ర వేస్తారు. ఏం మనుషులండీ మీరు!" అంది.

మేం కూడా నవ్వాం. లేచి బయటికి వెళ్ళాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఎవరి సాయమూ తీసుకోకూడదని ఆ అమ్మాయి చెప్పింది నిజమే. కానీ మా ఊళ్ళో సాయం చేయకుండా పక్కన కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది? పెళ్ళిచూపుల్లో పిల్లకి జవాబు మనమే చెప్తాం. బ్యాంకులో పక్కవాడి కాగితం లాక్కుని మనమే నింపుతాం. మెదడుకి పరీక్ష అంటే చూస్తూ కూర్చుంటామా!

మొదటి ఆటలో ఈల లాంటి చప్పుడు వినపడుతుంది. అది సన్నం నుంచి లావుకి దిగిందో, లావు నుంచి సన్నానికి ఎక్కిందో చెప్పాలి. బాబాయి ఒక ఇయర్‌ఫోను లాగి తన చెవిలో పెట్టుకుని, "ఎక్కింది, ఎక్కింది, నొక్కు! పాతికేళ్ళు మోటార్లు విన్న చెవి ఇది" అన్నాడు. తప్పు. మళ్ళీ చెప్పాడు. అదీ తప్పే. టీచరు గారు ఇక ఉండబట్టలేక, "మీరు తప్పుకోండి, నాకివ్వండి" అని రెండో చెవిదీ లాక్కున్నారు. అన్నీ ఒప్పులే. పాటల గుంపులో ఎవరి శ్రుతి జారినా పట్టుకునే చెవి మరి. చివరికి ఇయర్‌ఫోన్లు పీకేసి అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాం.

వారం తిరిగేసరికి పిన్ని మెదడుని నలుగురం పంచుకున్నాం, వాటాల పంపకంలాగా. చప్పుళ్ళు టీచరు గారివి. మొహం చూసి కోపమో భయమో చెప్పే ఆట మా అమ్మది. వీధిలో వెళ్ళేవాళ్ళ మొహాలు చూసి ఇంటిగుట్టు చెప్పగలిగిన మనిషికి అదొక లెక్కా? వరసగా వచ్చే బొమ్మల్ని గుర్తుపెట్టుకోవడం నాది. పురుగుమందుల పేర్లన్నీ నోటికి వచ్చినదాన్ని, పిచ్చుక, గొడుగు, బకెట్టు ఒక బరువా? ఆకాశంలో పిట్ట మెరవగానే వేలు పెట్టే ఆట బాబాయి తీసుకున్నాడు. పిన్ని ఏం చేసేదంటే, మాకు టీ పెట్టేది.

"పిన్నీ, ఒక్కసారి ఆడవా?" అంటే, "మీరు బిజీగా ఉన్నారుగా" అనేది నవ్వుతూ. ఆ నవ్వు మంచం చుట్టూ కూర్చున్నప్పటి నవ్వు కాదు. మేం పట్టించుకోలేదు.

ఆ ఆట మాట్లాడే తెలుగు వేరు. ఎవరు రాశారో గానీ స్కోరు పెరిగినప్పుడల్లా, "మీ ప్రయత్నము ప్రశంసనీయము" అని ఒక ఆడగొంతు పలికేది. "మీ మెదడు వేగము గణనీయముగా పెరిగినది" అనేది. ఎవరి మెదడో దానికేం తెలుసు! మేం చప్పట్లు కొట్టుకునేవాళ్ళం. పిన్ని ఆ గొంతుని అచ్చంగా పట్టేసింది. బాబాయి పెరుగు ప్యాకెట్టు మర్చిపోకుండా తెస్తే, "మీ ప్రయత్నము ప్రశంసనీయము" అని వంటింట్లోంచి వినిపించేది. అది పెరుగు తెచ్చినందుకో, గొణుగుతున్న ముసలాయనకి జవాబో ఒకోసారి తెలిసేది కాదు.

నెల తర్వాత మదనపల్లె అమ్మాయి వీడియో కాల్ చేసింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, మీ స్కోర్లు చూసి మేమంతా ఆశ్చర్యపోయాం. అందరికంటే మీవే ఎక్కువ. మా గ్రాఫులో మీ చుక్క కాగితం దాటి పైకి పోతోంది! ఒక్క మాట అడగాలమ్మా. అన్నీ మీరే చేశారు కదా? ఎవరైనా సాయం చేశారా?"

కెమెరాకి కనపడకుండా నలుగురం గోడకి అతుక్కుని నిలబడ్డాం. పిన్ని కొంగు చెవి మీదికి లాక్కుంది. తల ఎడమ పక్కకి వంచింది. బాబాయికి భయమేసి, వంగి మొహం తెరలోకి పెట్టాడు.

"తనే చేసిందండి. మేం తలుపేసి బయట కూర్చుంటాం."

"మా చెల్లెలికి చిన్నప్పట్నుంచీ తెలివి ఎక్కువండి" అంది మా అమ్మ వెనకనుంచి.

టీచరు గారు అబద్ధం చెప్పరు. అందుకని, "అంతా దేవుని కృపండి" అన్నారు. నలుగురితో పాటు నారాయణ అని నేనూ "అవునండి" అన్నాను.

అప్పుడు పిన్ని కొంగు చెవి మీద నుంచి తీసి, "లేదమ్మా. నేను చేయలా. వీళ్ళు చేశారు" అంది.

మా నలుగురికీ ఏం చేయాలో తెలియలేదు. తెలియనప్పుడు చేసేదే చేశాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిన్ని ఎదురుగానే. బాబాయి గొంతు తగ్గించి, నవ్వు పులుముకుని, ఆ అమ్మాయితో, "అప్పుడప్పుడూ ఇట్టా అంటదండి. తన సంగతి మీకు తెల్సుగా..." అన్నాడు.

బాబాయి చెడ్డవాడు కాదు. మాత్రల టైముకి మోటారు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే వదిలేసి ఇంటికి వచ్చే మనిషి. పిన్ని పరువు నిలబెడుతున్నాననే అనుకున్నాడు పాపం. కానీ ఆ మాటకి పిన్ని మొహంలో రక్తం లేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన ఏ గొడవ రోజునా ఆవిడ అంత ఒంటరిగా కనపడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ లాలిపాట గొంతు అమ్మాయి ఏమందో తెలుసా?

"సార్, మీరు కాస్త పక్కకి జరుగుతారా? అమ్మ కనపడడం లేదు. ఆమె మాట్లాడుతున్నారు."

బాబాయి జరిగాడు. జరిగాడంటే మంచం కోడు తగిలి దాదాపు పడ్డాడు.

పిన్ని అంతా చెప్పింది. ఎవరికి ఏ ఆట వచ్చిందో, ఎవరు దేనికి అరిచారో, ఎన్ని కప్పుల టీ తాగారో కూడా వదల్లేదు. "ఈయన చెవికన్నా మా టీచరు గారి చెవి మంచిదమ్మా, కావాలంటే ఆవిణ్ణి చేర్చుకోండి" అని కూడా అంది. ఆ అమ్మాయి అంతా విని, "సరే అమ్మా. ఆ స్కోర్లన్నీ తీసేస్తాం" అంది.

"నువ్వు నమ్మావా?" అంది పిన్ని.

"నమ్మాను కదమ్మా."

"అటు నలుగురున్నారు. నలుగురికీ ఏ గొడవా లేదు. ఇటు నేనొక్కదాన్నే."

"అమ్మా, అడిగింది మిమ్మల్ని. మీరు చెప్పారు. ఇంకొకరిని ఎందుకు అడగాలి?"

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా పిన్ని రచ్చ గెలిచి ఇంటికొచ్చింది. ఆ ఒక్క మాటతో ఆవిడ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. నడుము నిటారుగా పెట్టి, మా వైపు ఒక్కసారి తిరిగి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఇంకో అనుమానం అమ్మా. ఇప్పటిదాకా వీళ్ళతో సరిపోయింది గానీ, ఒక్కదాన్నే కూర్చున్నా మా ముసలాయన ఉంటాడుగా. గదిలో ఎవరన్నా ఉన్నారా అంటే ఏం నొక్కను? లేడంటే వాడికి కోపం, ఉన్నాడంటే మీ ఆట తెరుచుకోదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. కళ్ళు మూసుకుని నిజంగా ఆలోచించింది. "ఆయన మీకు జవాబులు చెప్తాడా అమ్మా?"

"వాడికేం వచ్చు? వాడికి పోపు తప్ప ఇంకేం తెలియదు."

"అయితే లేరనే నొక్కండి. సాయం చేయనివాళ్ళు లెక్కలోకి రారు."

ఇద్దరూ అప్పుడు నవ్వారు. ఫోను అటు ఆ అమ్మాయి, ఇటు పిన్ని. మేం నలుగురం తలలు వంచుకుని ఉన్నవాళ్ళం, మాకూ నవ్వు ఆగలేదు. టీచరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

వాళ్ళ పెద్దవాళ్ళని అడిగి, కొన్నాళ్ళకి పిన్నిని మళ్ళీ మొదటినుంచి ఆడమన్నారు. ఈసారి పిన్ని మమ్మల్ని గదిలోంచి తరిమి లోపల గడియ పెట్టింది. బయట వరండాలో మా అవస్థ చెప్పలేను. లోపల్నుంచి ఈల చప్పుడు రావడం, వెంటనే పిన్ని "ఎక్కింది... కాదు, దిగింది... పోన్లే" అనుకోవడం వినపడుతూ ఉండేవి. టీచరు గారు చీర కొంగు నోట్లో కుక్కుకుని, "అయ్యో, ఎక్కిందమ్మా, ఎక్కింది" అని గుసగుసగా ఏడ్చినంత పని చేశారు. బాబాయి ఆవిణ్ణి చెయ్యి ఎత్తి ఆపాడు. ఆ రోజునుంచీ ఆయన వరండాలో కాపలా. నేను తలుపు వైపు ఒక్కడుగు వేసినా, "ఉహూ, తన పని తనని చేసుకోనీ" అనేవాడు.

గడియ తీసి పిన్ని బయటికి వచ్చింది. స్కోరు చూస్తే చూడలేం. మేం నలుగురం కలిసి తెచ్చినదాంట్లో సగం కూడా లేదు. ఆట కూడా, "నిరుత్సాహపడవలదు" అంది. పిన్ని ఫోన్ని రెండు చేతులతో పైకెత్తి వరండా అంతా గిర్రున తిరిగింది. "నాది! ఇది నా ఒక్కదానిదే! ఈ తప్పులన్నీ నావే!" అంటూ. బాబాయిని బస్టాండు దగ్గరికి తరిమి వేడి మిరపకాయ బజ్జీలు తెప్పించింది. తప్పినందుకు బజ్జీలు పంచిన మనిషిని ఆవిణ్ణే చూశాను.

పరిశోధన అయ్యేదాకా ఆడింది. ఒక్కరోజు మానలేదు, కారణం చెప్పకుండా మానేయొచ్చని తెలిసి కూడా. మెదడు చురుకైందో లేదో ఆ పరిశోధన వాళ్ళు ఇంకా తేల్చలేదట. ముసలాయన కూడా చివరిదాకా పోలేదు. కానీ డాక్టరు గారు ఎప్పట్లాగే బాబాయి వైపు తిరిగి "ఎలా ఉంటున్నారు?" అంటే, బాబాయి వేలితో పిన్నిని చూపించి, "అక్కడడగండి" అనడం మాత్రం మొదలైంది.

ఇక నాకు బాగా గుర్తున్న రోజు ఒకటుంది. కొత్తావకాయ కలిపిన రోజు. మా అమ్మ కలిపింది, టీచరు గారిని కూడా భోజనానికి పిలిచాం. వేడన్నంలో ఆవకాయ, నెయ్యి వేసుకుని నలుగురం మొదటి ముద్ద నోటి దాకా ఎత్తాం. పిన్ని వడ్డిస్తూ ఆగి, తల ఎడమ పక్కకి వంచింది.

"గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు" అంది.

నాకేం వినపడలేదు. మిగతావాళ్ళకీ వినపడి ఉండదు. అలవాటు కొద్దీ తలెత్తబోయి, ఎత్తకుండా కంచంలోకే చూశాను. ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు. బాబాయి ముద్ద కంచంలో వేసి లేచాడు. ఆయన వెనక మా అమ్మ, ఆవిడ వెనక టీచరు గారు, నేను. నలుగురం ఆవకాయ చేతులు గాల్లో పెట్టుకుని గేటు దాకా పరిగెత్తాం. గేటు తీశాం. వీధిలో ఎర్రటి ఎండ. మనుషుల్ని కుక్కుకుని ఎ.కొండూరు వెళ్ళే షేర్ ఆటో ఒకటి పోయింది. అందులోవాళ్ళు మా ఎర్రటి చేతులు చూసి కంగారుపడ్డారు. అంతే. గేటు దగ్గర పురుగు కూడా లేదు.

గేటు వేశాం. తిరిగి లోపలికి వచ్చాం. బాబాయి, "ఎవరో వచ్చి ఎల్లిపోయినట్టున్నార్లే" అన్నాడు.

పిన్ని నేతిగిన్నె పట్టుకుని గోడకి జారబడి ఉంది. భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తోందనుకుని మా అమ్మ గబగబా దగ్గరికి వెళ్ళింది. నవ్వు! మాట పెగలనంత నవ్వు.

"ఎవరూ పిలవలేదు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ముసలాయన కూడా పిలవలేదు. మీకు పరీక్ష పెట్టా. నలుగురూ పాసయ్యారు."

ఆ తర్వాత నేతిగిన్నె కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఆ ఆటలోని ఆడగొంతుతో, "మీ ప్రయత్నము ప్రశంసనీయము" అంది.

ఆ కొత్తావకాయ జాడీ అడుగంటక ముందే పిన్ని గుండె ఆగి పోయింది. ఒక తెల్లవారుజామున కాఫీ కలుపుతూ కలుపుతూనే. నిజంగా కారణం చెప్పకుండా మానేసింది.

ఇప్పటికీ మా ప్రహరీ లోపల ఎవరికైనా "గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు" అనిపిస్తే మిగతావాళ్ళం చూపులు చూసుకోం. చెప్పినవాళ్ళ మాట నమ్మి లేచి వెళ్తాం. చాలాసార్లు ఎవరూ ఉండరు. ఖాళీ వీధిని చూసి గేటు వేసేటప్పుడు బాబాయి మాత్రం తల కొంచెం ఎడమ పక్కకి వంచి, "పాసయ్యాం" అంటాడు.